బాపు కాలికి ఫ్లాప్ వేయాలంటున్నారు, తొడ తోలు వేస్తే సరిపోదా?

హుస్నాబాద్ బిడ్డ:

నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మా బాపుకు 54 ఏళ్లు. మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. 13 రోజుల కింద పత్తి ట్రాలీలో ఎనుమాముల మార్కెట్‌కు పంపి, తాను బండి మీద వెనకాలే వెళ్లాడు. పైసలు తీసుకుని తిరిగి వస్తుంటే ఎల్కతుర్తి దాటాక డీసీఎం గుద్దింది. కుడి కాలు మోకాలి కింద రెండు బొక్కలూ విరిగాయి. ఒకటి తోలు చీల్చుకుని బయటికొచ్చింది. ఆ రాత్రే హనుమకొండలో పుండు కడిగి బయటి నుంచి రాడ్లు బిగించారు. ఇప్పటికి మూడుసార్లు థియేటర్‌కు తీసుకెళ్లి కడిగారు. స్పాంజి పెట్టి మిషన్‌తో పీల్చే కట్టు రెండుసార్లు మార్చారు.

మొన్న కట్టు మార్చేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. చీలమండకు నాలుగు వేళ్ల పైన, ముందువైపు, నా అరచేయంత పుండు. చుట్టూ ఎర్రగా కండ వస్తోంది కానీ నడిమధ్యలో బొక్క పచ్చి కొబ్బరిలా తెల్లగా కనిపిస్తోంది. ఆ రాత్రి నాకు అన్నం పోలేదు.

బొక్కల డాక్టర్ ప్లాస్టిక్ సర్జన్‌ను పిలిపించారు. పిక్క వెనక నుంచి తోలు, దాని కింది కొవ్వు, పొర అన్నీ కలిపి ఒక ముక్కగా లేపి, తిప్పి తెచ్చి ముందు పుండు మీద వేస్తానన్నారు. రివర్స్ సూరల్ ఫ్లాప్ అట. మా బావ హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్‌కు ఫొటోలు పంపితే, ఆయన ఫ్రీ ఫ్లాప్ (వేరే చోటి నుంచి ముక్కను పూర్తిగా తెంపి తెచ్చి కుట్టడం) అయితే మంచిది, ఇక్కడికి తీసుకురండి అన్నారు. మా మామయ్యేమో, తొడ తోలు తీసి అతికిస్తే అయిపోయే పనికి ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకు, బిల్లు కోసం చెబుతున్నారు అంటాడు. చిన్నాయన ఇంకో అడుగు ముందుకేసి, మోకాలి కింద తీసేయిస్తే నెలలో లేచి తిరుగుతాడు అన్నాడు. అది విని బాపు కూడా నిన్నటి నుంచి "కోసేయమను బిడ్డా" అంటున్నాడు.

బాపుకు షుగర్ ఉంది, మూడు నెలల సగటు 8.4 వచ్చింది. రోజుకు కట్టన్నర బీడీలు తాగుతాడు. అవ్వ ఇంట్లో బీడీలు చేస్తుంది, ఇక ఆయనను ఏమని ఆపుతాం.

నేను అడిగేది ఇదే. తొడ తోలు ఎందుకు సరిపోదు? ఫ్లాప్ వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, తర్వాత నడక ఎలా ఉంది? ఎన్ని రోజులు పక్కన ఉండాలి? నేను బీఈడీ రెండో ఏడాది, వచ్చే నెల పరీక్షలు. తమ్ముడు చిన్నవాడు.

జమ్మికుంట వాసి:

మా పెద్దమ్మకు కాలు కాలితే తొడ తోలే వేశారు. పది రోజుల్లో అతుక్కుంది, ఇప్పుడు బతుకమ్మ ఆడుతుంది. ఫ్లాప్ గీప్ అని ప్రైవేటు వాళ్లు ఊరికే పెంచి చెబుతారు. పది రోజులు కట్లు కట్టించండి, కండ అదే వస్తుంది. పప్పు, గుడ్డు మాత్రం పెట్టకండి, చీము పడుతుంది.

కాజీపేట పంక్చర్ షాపు:

చెల్లె, ముందు పై రిప్లై సంగతి. పెద్దమ్మది కాలిన పుండు, కింద కండ ఉంటుంది, అందుకే తోలు అతుక్కుంది. మీ బాపుది అది కాదు. ఈ తేడా తెలియక నేను నెలన్నర పోగొట్టుకున్నాను కాబట్టి పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను అప్పుడు కరీంనగర్ నుంచి గ్రానైట్ లారీ నడిపేవాడిని. 2018 డిసెంబర్‌లో తెల్లవారుజామున టైరు మారుస్తుంటే జాకీ జారింది. ఎడమ కాలు, చీలమండ పైన, ముందువైపు. నీ ఫొటో చూడకుండానే నాకు ఆ పుండు కనిపిస్తోంది, ఎందుకంటే ఆ జాగాలో బొక్క మీద కండ అనేదే ఉండదు. నీ కాలు మీదే వేలు పెట్టి చూసుకో. తోలు, దాని కింద నేరుగా బొక్క. అక్కడ తోలు పోతే బొక్క బయటపడినట్టే.

నాకు మొదట చూసిన చోట తొడ తోలే వేశారు. ఏ ఆస్పత్రో చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. నాకూ సంబరమే, తేలిగ్గా అయిపోయిందని. అయిదో రోజు కట్టు విప్పితే చుట్టూ కండ మీద వేసిన తోలు గులాబీ రంగులో అతుక్కుని ఉంది. బొక్క మీద వేసిన ముక్క మాత్రం నల్లగా, తడిసిన కాగితంలా ఊడొచ్చింది. ఇంకోసారి వేశారు. మళ్లీ అంతే. ఆ మధ్యలో బొక్క ఎండిపోయి, చీము పట్టి, వాసన మొదలైంది.

తర్వాత హైదరాబాద్ వెళ్తే అక్కడి ప్లాస్టిక్ సర్జన్ నా పని అడిగి, నాకర్థమయ్యే భాషలో చెప్పారు. "నువ్వు ట్యూబుకు పట్టీ వేస్తావు కదా, పట్టీకి ప్రాణం అక్కర్లేదు. తోలుకు కావాలి. తొడ నుంచి గీసి తీసిన తోలుకు సొంత రక్తం ఉండదు. మొదటి రెండు రోజులు కింది చెమ్మ పీల్చుకుని బతుకుతుంది, తర్వాత కింది కండలోంచి సన్నటి రక్తనాళాలు దాంట్లోకి పాకాలి. బొక్క మీద దాని సన్నటి పొర మిగిలి ఉంటే పాకుతాయి. పొర పోయిన బొక్కలోంచి ఏం పాకుతాయి?" అన్నారు. స్టీలు ప్లేటు బయటపడినా అంతేనట, కండను బొక్కకు కట్టే తాడు పొర ఊడితే దాని మీదా అంతేనట.

ఫ్లాప్ అలా కాదు. తోలును దాని రక్తనాళంతో సహా తెస్తారు. ఒక పక్క కాడ తెంపరు. మడికి కాలువ తెంచకుండా మడినే జరిపినట్టు అనుకో. కింద బొక్క ఉన్నా రాయి ఉన్నా దానికి పట్టింపు లేదు, తన నీళ్లు తనే తెచ్చుకుంటుంది. పైగా ఆ రక్తం పక్కనున్న బొక్కకూ అందుతుంది, విరిగింది అతకడానికి అదే కావాలి. మీ మామయ్యకు ఇది చెప్పు. వినకపోతే నా నంబర్ మెసేజ్‌లో పంపిస్తాను, నేను మాట్లాడతాను.

ఇక నా ఆపరేషన్. ముందు రోజు పెన్ను లాంటి మిషన్ కాలు మీద పెట్టి విన్నారు, లోపల రక్తం పారే చప్పుడు ఝుస్ ఝుస్ అని గది అంతా వినపడింది. బయటి చీలమండకు మూడు వేళ్ల పైన చుక్క పెట్టారు. కాడ అక్కడ ఉంటుంది, ముక్క పిక్క మీద నుంచి వస్తుంది, అంటే రక్తం కింది నుంచి పైకి ఎదురెక్కాలి. అందుకే రివర్స్ అంటారు. బోర్లా పడుకోబెట్టి చేశారు, నడుముకు మత్తు ఇచ్చారు కాబట్టి మాటలు వినపడుతూనే ఉన్నాయి. మూడు గంటలు పట్టింది. పిక్క మీద ఖాళీ అయిన జాగాకు తొడ తోలు వేశారు. అంటే తొడ తోలు వద్దని కాదు, అది ఎక్కడ పనికొస్తుందో అక్కడ వేశారు.

నొప్పి సంగతి ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతాను. ఫ్లాప్ నొప్పి లేదు. తోలు గీసిన తొడ మాత్రం కారం పూసినట్టు మండింది, వారం రోజులు. మీ బాపు దానికి అరిస్తే కంగారు పడకు. ఆ కట్టు ఊరికే పీకనివ్వకు. రెండు వారాల్లో కింద కొత్త తోలు వచ్చి అదే ఊడిపోతుంది.

అసలు కథ రెండో రాత్రి. నా భార్య ఫోన్ లైటు వేసి చూస్తే ఫ్లాప్ చివర వంకాయ రంగులోకి తిరిగింది. డ్యూటీ డాక్టర్‌ను లేపుకొచ్చింది. ఆయన సూది గుచ్చితే నల్లటి రక్తం కారింది. రక్తం లోపలికి వస్తోంది కానీ తిరిగి పోవడం లేదు, పొలానికి నీళ్లు పెట్టి తూము మూసినట్టు. ఆయన అక్కడికక్కడే నాలుగు కుట్లు విప్పి, కాలు ఇంకా పైకి ఎత్తి కట్టించారు. తెల్లారేసరికి రంగు తేలింది. చివర రెండు వేళ్ల వెడల్పు మాత్రం నల్లబడి పోయింది, దాన్ని తర్వాత తీసేసి చిన్న తోలు వేశారు. ఆమె ఆ రాత్రి నిద్రపోయి ఉంటే మొత్తం పోయేది. పక్క బెడ్డు తాత "జలగలు పెడతారు చూడు" అంటే నవ్వాను. తర్వాత సర్జన్‌ను అడిగితే, నిజమే, పెద్ద సెంటర్లలో ఇలాంటి చెడు రక్తం పీల్చడానికి ఇప్పటికీ పెడతారు అన్నారు.

బీడీ గురించి. నేను సిగరెట్ తాగేవాడిని. మూడు వారాలు ఆపితేనే థియేటర్ అన్నారు, నా బొక్కకు అప్పటికే చీము ఉంది కాబట్టి మందులతో అన్ని రోజులు ఆగగలిగారు. మీకు అంత టైమ్ ఉండదు. కాబట్టి ఇవాళే బంద్. ఒక్కటి కూడా వద్దు. ఒక్క బీడీతో రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఆ కాడలో ఉండేది అగ్గిపుల్ల కన్నా సన్నటి నాళం. మా వార్డులో ఒకాయన బాత్రూమ్‌లో తాగి వచ్చి పడుకునేవాడు. ఆయన ఫ్లాప్ సగం పోయింది. బీడీ వల్లే అని నేను అనను, కానీ సర్జన్ ఆయనను తిట్టిన తిట్లు వార్డంతా విన్నాం.

ఇప్పుడు ఎలా ఉన్నాను అంటే, నడుస్తాను. పంక్చర్ షాపు నడుపుతున్నాను, కూర్చుని లేస్తాను. లారీ మానేశాను. పాదం బయటి అంచు, చిటికెన వేలి వైపు, మొద్దు. స్పర్శ తెలిపే ఆ పిక్క నరం ఫ్లాప్‌తో పాటు పోతుంది కాబట్టి. ఒకసారి ముల్లు దిగితే సాయంత్రం చెప్పు విప్పేదాకా తెలియలేదు. సాయంత్రానికి కాలు ఉబ్బుతుంది, సాగే పట్టీ చుట్టుకుంటాను. ఫ్లాప్ జాగాలో కాలు పిండి ముద్ద అతికించినట్టు ఎత్తుగా ఉంటుంది. పెళ్లిళ్లలో పిల్లలు అడుగుతారు.

కోసేయమని బాపు అన్నాడని రాశావు. నేనూ అన్నాను, మూడుసార్లు. అది కాలు మాట కాదు, ఖర్చు మాట.

ఎంజీఎం రోడ్డు సిస్టర్:

నేను హనుమకొండలో స్టాఫ్ నర్సును, ప్లాస్టిక్ సర్జరీ వార్డులో ఆరేళ్లు చేశాను. పుండు చూడకుండా ఏ ఫ్లాప్ మంచిదో నేను చెప్పను. కానీ ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే ఒకరు మోసం చేస్తున్నట్టు కాదు.

కాలిని మూడు భాగాలుగా చూస్తారు. మోకాలి దగ్గర పుండు అయితే పైపిక్క కండను తిప్పుతారు, నడిమి భాగం అయితే దాని కింది సోలియస్ కండను. కింది భాగానికి తిప్పడానికి దగ్గరలో కండ ఉండదు, అక్కడికి వచ్చేసరికి అన్నీ తాళ్లే. అందుకే చాలాకాలం అక్కడికి ఫ్రీ ఫ్లాప్ ఒక్కటే దారి అనేవారు. అంటే తొడ నుంచో వీపు నుంచో ముక్కను పూర్తిగా తెంపి తెచ్చి, మైక్రోస్కోప్ కింద రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టడం. ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ టీమ్, ఆ రాత్రి కాపలా ఉన్నచోటే చేయాలి. కుట్టిన చోట రక్తం గడ్డకడితే గంటల్లో మళ్లీ థియేటర్ తెరవాలి. 1992లో ఫ్రాన్స్ సర్జన్ మాస్కెలే బృందం పిక్క నరం వెంట ఉండే సన్న నాళాల మీద ఆధారపడే ఫ్లాప్‌ల గురించి రాసిన తర్వాత, మైక్రోస్కోప్ లేనిచోట కూడా కింది భాగం పుండు మూయడం కుదిరింది. కాలి పెద్ద రక్తనాళాలు వేటినీ బలి ఇవ్వనక్కర్లేదు, అదే దాని బలం. బలహీనత పైన అన్న చెప్పిందే, తిరుగు రక్తం ఆగిపోవడం. షుగర్, పొగ, వయసు ఉన్నవాళ్లలో అది ఎక్కువ చూశాను.

అందుకే సర్జన్‌ను ఇవి అడగండి. పాదం మీద, చీలమండ వెనక రెండు చోట్లా నాడి తగులుతోందా? డాప్లర్, అంటే రక్తం పారే చప్పుడు వినే పరీక్ష, చేశారా? డీసీఎం గుద్దిన దెబ్బకు పిక్క వెనక తోలు కూడా నలిగిందా? నలిగితే అక్కడి ముక్క నమ్మలేం. పుండు ఎంత పెద్దది, పిక్కలో అంత తోలు దొరుకుతుందా? ఫ్లాప్ పోతే రెండో దారి ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు చిరాకు పడకుండా జవాబు చెప్పే డాక్టర్ దగ్గర ఉండండి.

ఆలస్యం మాత్రం చేయకండి. మా సర్జన్ కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లందరికీ చెప్పే పాఠం ఒకటుంది. స్లొవేనియాకు చెందిన గొడీనా అనే సర్జన్ 532 మంది లెక్క 1986లో అచ్చయింది. దెబ్బ తగిలిన 72 గంటల లోపు ఫ్రీ ఫ్లాప్ వేసినవాళ్లలో నూటికి ఒకటి కన్నా తక్కువ పోయాయి, ఆ తర్వాత మూడు నెలల లోపు వేసినవాళ్లలో నూటికి 12. ఇప్పుడు మిషన్ కట్టు వచ్చి కొంత వెసులుబాటు దొరికింది. కానీ ఆ కట్టు పుండును శుభ్రంగా ఉంచుతుంది, బొక్కను మూయదు. 13 రోజులు అయ్యాయి అంటున్నారు. ఇంకో పది రోజులు కండ అదే వస్తుందిలే అని చూడటం సరైనది కాదు.

కాలు తీసేయడం గురించి. రక్తం అందని కాలు, పూర్తిగా నలిగిపోయిన కాలు అయితే ఆ నిర్ణయమే మేలు, అలాంటివాళ్లు కృత్రిమ కాలితో చక్కగా నడవడం చూశాను. మీ బాపు పాదం వెచ్చగా ఉండి, వేళ్లు కదులుతుంటే ఆ మాట ఇప్పుడు ఎందుకు?

చీము పడుతుందని పప్పు, గుడ్డు మాన్పించేవాళ్లతో మేము రోజూ గొడవ పడతాం. పుండు మానేది మాంసకృత్తులతోనే. రోజుకు రెండు గుడ్లు, పప్పు, పెరుగు, కుదిరితే చికెన్. షుగర్ అదుపులో పెట్టేది ఇన్సులిన్, పస్తులు కాదు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర, ఈ ఆపరేషన్‌కు ఈ ఆస్పత్రికి అనుమతి ఉందా అని అడగండి. పైసలు కట్టాక అడిగితే లాభం లేదు.

హుస్నాబాద్ బిడ్డ:

అన్నా, సిస్టర్, ఇద్దరికీ ఏం చెప్పాలో తెలియడం లేదు. అన్న రాసింది బాపుకు చదివి వినిపించాను. "ఖర్చు మాట" దగ్గర మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆయనే దిండు కింద నుంచి బీడీ కట్ట తీసి ఇచ్చాడు. అవ్వ అది తీసుకుని కొంగుకు కట్టుకుంది, ఎందుకో పారేయలేదు.

సిస్టర్ చెప్పిన ప్రశ్నలు అడిగాను. రెండు నాడులూ తగులుతున్నాయట. పిక్క వెనక తోలు బాగుంది. ఫ్లాప్ పోతే హైదరాబాద్ పంపి ఫ్రీ ఫ్లాప్ చేయిస్తామని సర్జన్ ఆయనే చెప్పారు, చిరాకు పడలేదు. ఇక్కడే చేయిస్తున్నాం, గురువారం. ఆరోగ్యశ్రీ కింద అవుతుందన్నారు. మొదటి రోజు కట్టిన పైసలు మాత్రం రావట.

జమ్మికుంట వాసి:

నాకు తెలిసింది చెప్పాను చెల్లె, తప్పైతే ఏమనుకోకు. గుడ్డు సంగతి మా ఇంట్లో కూడా చెబుతాను.

రిటైర్డ్ తెలుగు సార్, పరకాల:

ఇది చదువుతుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. 1991లో వాడికి మడమ దగ్గర ఇలాంటి పుండే. అప్పుడు రెండు కాళ్లూ కలిపి కుట్టారు. మంచి కాలి పిక్క నుంచి తోలు లేపి, తెంపకుండా, చెడ్డ కాలి మీద వేసి, రెండు కాళ్లకూ కలిపి సిమెంటు కట్టు. మూడు వారాలు అలాగే. ఆ తర్వాత కాడ తెంపారు. మూడు వారాలు వాడిని తిప్పి పడుకోబెట్టింది, కింద మూత్రం డబ్బా పెట్టింది మా అమ్మ. వాడు విసుగొచ్చి పద్యాలు చదివేవాడు, వార్డులో అందరూ నోర్మూసుకోమనేవారు. కాలు నిలిచింది. పోయిన ఏడాది సమ్మక్క జాతరకు మేడారం నడిచాడు.

కాజీపేట పంక్చర్ షాపు:

సార్, మూడు వారాలు రెండు కాళ్లు కట్టేసి! నాది నయం.

చెల్లె, గురువారం లోపు ఒక పని. ఎఫ్ఐఆర్ కాపీ, ప్రతి బిల్లు, మిషన్ కట్టు బిల్లు కూడా, ఒక కవర్లో పెట్టు. పుండు ఫొటోలు తేదీతో ఉంచు. డీసీఎం ఇన్సూరెన్స్ మీద కేసు వేయాలంటే అన్నీ కావాలి. నేను సగం బిల్లులు పోగొట్టుకున్నాను.

ఇంకోటి, కాపలాకు ఇద్దరు కావాలి. ఒక్కదానివి మూడు రాత్రులు మేలుకోలేవు.

ఎంజీఎం రోడ్డు సిస్టర్:

కాపలా అంటే ఊరికే మేలుకోవడం కాదు. వేలితో ఫ్లాప్‌ను మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడి, రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వదిలీ వదలకముందే నీలంగా నిండితే తిరుగు రక్తం ఆగినట్టు. పాలిపోయి చల్లగా ఉండి, నొక్కినా రంగు రాకపోతే రక్తం చేరనట్టు. రెండింటిలో ఏది కనిపించినా తెల్లారనివ్వకండి, నర్సు విసుక్కున్నా సరే పిలవండి. మేము విసుక్కుంటాం, వస్తాం.

కాలి కింద దిండు పెట్టేటప్పుడు పిక్క వెనక, కాడ మీద బరువు పడకూడదు. రాడ్లు బిగించి ఉన్నాయి కాబట్టి వాటికే ఆనించి కాలును గాలిలో ఉంచమనండి, చాలామంది సర్జన్లు అలాగే చేస్తారు. చూడటానికి వచ్చే చుట్టాలు మంచం మీద కూర్చోకుండా చూడటం మీ పని.

హుస్నాబాద్ బిడ్డ:

ఆపరేషన్ అయి నాలుగు రోజులు. ఇప్పుడే రాయగలుగుతున్నాను. తమ్ముడు, నేను వంతులేసుకున్నాం. వాడికి 16 ఏళ్లు, చిన్నవాడని నేనే అన్నాను కానీ గంటకోసారి నొక్కి చూసి నోటుబుక్కులో టైమ్, రంగు రాశాడు. "2:00 గులాబీ. 3:00 గులాబీ. 4:00 కొంచెం నీలం, సిస్టర్‌ను పిలిచాను." ఆ నాలుగు గంటలప్పుడు నేను బెంచీ మీద నిద్రలో ఉన్నాను. వార్డు సిస్టర్ వచ్చి చూసి, పైన కట్టు బిగిసిందని కత్తిరించి వదులు చేశారు. అంతే, ఐదున్నరకు రంగు తిరిగింది. కుట్లు విప్పే పని పడలేదు.

తొడ మండుతోందని బాపు రెండు రోజులు అరిచాడు. ముందే చెప్పావు కాబట్టి భయం కాలేదు అన్నా.

నోటుబుక్కు చూసి సర్జన్ రౌండ్స్‌లో అందరికీ చూపించారు. తమ్ముడు అప్పటి నుంచి డాక్టర్‌నే అవుతానంటున్నాడు, మొన్నటిదాకా ఆర్మీ అన్నాడు.

కాజీపేట పంక్చర్ షాపు:

సబ్బాష్. అయినా పది రోజులదాకా ధీమా వద్దు. కాలు ఎప్పుడు కిందికి దించాలో వాళ్లనే చెప్పనివ్వు. నాకు రెండు వారాల తర్వాత మొదలుపెట్టారు, మొదట ఐదు నిమిషాలు, మళ్లీ పైకి, రోజుకు కొంచెం పెంచుతూ. మొదటిసారి దించగానే ఫ్లాప్ నల్ల నేరేడు రంగు అయింది, నా ప్రాణం పోయింది. పైకి ఎత్తగానే మామూలైంది. మీ బాపుకు కూడా అలా అవుతుంది, ముందే చెప్పు.

హుస్నాబాద్ బిడ్డ:

తొమ్మిది వారాలు. ఆలస్యంగా రాస్తున్నాను, పరీక్షలు రాశాను.

ఫ్లాప్ మొత్తం పట్టింది. కింద అంచున గోరంత నల్లబడి అదే రాలిపోయింది. రాడ్లు ఇంకా ఉన్నాయి. ఎక్స్‌రేలో బొక్క ఒకవైపు అతుకుతోంది, రెండో వైపు ఇంకా ఖాళీగా ఉంది. అది నిండకపోతే నడుము బొక్క నుంచి కొంచెం తీసి, ఫ్లాప్ అంచు లేపి లోపల పెట్టాల్సి రావచ్చన్నారు. అంటే ఇంకో ఆపరేషన్ ఉండొచ్చు. వాకర్‌తో వాకిట్లోకి వస్తున్నాడు, ఆ కాలు నేలకు ఊరికే తాకించడమే, బరువు వేయొద్దన్నారు.

షుగర్ మూడు నెలల సగటు మళ్లీ చేయించాలి. బీడీ అయితే లేదు. అవ్వ ఇంట్లో చేయడం ఆపలేదు, అది మా బతుకు. కానీ ఇప్పుడు వెనక కొట్టంలో కూర్చుని చేస్తుంది, గంప ఆయన కంట పడకుండా.

నిన్న చిన్నాయన వచ్చి ఫ్లాప్ మీద వేలితో నొక్కి చూశాడు. "పిక్కది ఇక్కడికెట్ల వచ్చిందిరా" అన్నాడు. బాపు దాని మీద మొలిచిన వెంట్రుకలు చూపించి, "ఇది పిక్కదే, సాక్ష్యం" అన్నాడు.

అన్నా, ఒక చిన్న విషయం. చీలమండ దగ్గర ఎత్తుగా ఉండటంతో ఆయన పాత చెప్పు పట్టీ ఎక్కడం లేదు. మామూలు దుకాణాల్లో ఒక సైజు పెద్దది తీసుకుంటే పాదానికి వదులై జారుతోంది. రేపు బరువు వేయమంటే ఏం తొడగాలి? నువ్వేం వేసుకుంటావు?

కాజీపేట పంక్చర్ షాపు:

నేను రెండేళ్లు ఇదే బాధ పడ్డాను. పట్టీ వెనక వైపు ఉండే చెప్పు తీసుకుని ఆ పట్టీ కోయించి, అతుక్కునే టేపు పట్టీ కుట్టించుకున్నాను, ఉబ్బినప్పుడు వదులు చేసుకోవచ్చు. లోపల మెత్తటి రబ్బరు షీటు. పాదం అంచు మొద్దుగా ఉంటుంది కాబట్టి లోపల ఏ మేకూ కుట్టూ పొడుచుకుని ఉండకూడదు, తొడిగే ముందు ప్రతిసారీ చెయ్యి పెట్టి తడమాలి.

దర్గా దగ్గర ఒక పెద్దాయన కుడతాడు, నావి అన్నీ ఆయనవే. చెకప్‌కు వచ్చిన రోజు బాపును షాపుకు తీసుకురా. కాలు కొలత సాయంత్రం పూట తీసుకోవాలి, పొద్దున తీసుకుంటే సాయంత్రానికి పట్టదు.